జానెడు పలక

ఆ పానీయం కలపడానికి ఆదోనిలో ఒక్క వంటిల్లు కూడా ఒప్పుకోలేదు.

పాండురంగ శెట్టిగారి ఇంట్లో గుడ్డు గడప దాటకూడదు. మా ఇంట్లో మందు గడప దాటకూడదు. అందులో రెండూ పడతాయి. జిన్నింగు మిల్లు వెనక మాకిచ్చిన రెండు గదుల ఇంటికి ఆనుకుని తడికలు కట్టి, రేకులు కప్పిన ఒక పంచ ఉండేది. అక్కడ కలిపేవాళ్ళం. కలిపేవాళ్ళం అంటున్నాను గాని, డెబ్భై తొమ్మిదో సంవత్సరం పత్తి సీజను దాకా కలిపింది మా నాయన ఒక్కడే.

నాయన పేరు ఖాసిం సాబ్. మేము దూదేకులవాళ్ళం. నాయన మాత్రం దూది ఏకకుండా, చిన్నప్పుడే ఒక పత్తి కంపెనీ దొర బంగళాలో చేరి బట్లరు పని నేర్చుకున్నాడు. కంపెనీ పోయింది, దొర పోయాడు. వెండిరంగు మూతచెంబు ఒకటి, చేతిలో ఆ పనితనం మిగిలాయి. శెట్టిగారు నాయనను పెట్టుకున్నది ఆ చెయ్యి చూసే. బొంబాయి నుంచి పత్తి చూడటానికి ఏటా సొరాబ్ సేటు అనే పార్శీ ముసలాయన వచ్చి శెట్టిగారి మేడమీద గదుల్లో దిగేవాడు. ఆయన ఏ మిల్లు పత్తిని మెచ్చితే ఆ మిల్లు బేళ్ళే బొంబాయికి పోతాయి. పొద్దు వాలగానే ఆయనకు ఈ ఒక్కటే కావాలి. వయసులో ఉన్నప్పుడు అలవాటయిందట. ఇంగ్లీషులో దాని పేరు పింక్ లేడీ. అమ్మ ముందర ఆ పేరు ఎత్తే ధైర్యం లేక నాయన 'గులాబినీళ్ళు' అనేవాడు.

"ఏ నీళ్ళయినా పంచలో బండ మీదనే ఉండనీ. గడప దాటిందంటే నేను ఈ ఇల్లు దాటిపోతా" అనేది అమ్మ, లాలాబీ. ఆ గిన్నెలు వేరు, ఆ గుడ్డలు వేరు. పని అయ్యాక నాయన మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుంటే గాని లోపలికి రానిచ్చేది కాదు.

శెట్టిగారి తంటా ఇంకొకటి. ఆయన మేడమెట్ల దగ్గర నిలబడి ట్రేలోకి తొంగి చూసేవాడు.

"ఏమప్పా ఖాసిమూ, ఆ తెల్లనురగ ఏంది?"

"నిమ్మకాయ నురగ సావుకారీ."

"నిమ్మకాయకు అంత నురగొస్తాదా?"

"ఆడించే చెయ్యినిబట్టి వస్తాది."

"అట్లయితే సరే. పో, పో" అని పక్కకు తప్పుకునేవాడు. గుడ్డు సంగతి ఆయనకు తెలుసు. తెలుసన్న సంగతి నాయనకూ తెలుసు.

నేను కోసిగిలో అవ్వ దగ్గర ఉండి ఏడో తరగతి దాకా చదివాను. అవ్వ చనిపోయాక ఆదోనికి వచ్చాను. ఆ సీజనుకు నాకు పద్దెనిమిదేళ్ళు. పగలు మిల్లులో ఆడవాళ్ళతో కూర్చుని పత్తి ఏరేదాన్ని. పచ్చబడింది, పురుగు తొలిచింది, ఆకు తునకలు పట్టింది వేరుచేసి పక్కకు వెయ్యాలి. నోటికన్నా కంటికి ఎక్కువ పని. నాకు సరిపోయింది. సేటు ఊళ్ళో ఉన్న రోజుల్లో మాత్రం మధ్యాహ్నమే లేచి వచ్చి పంచలో నాయనకు అందించేదాన్ని.

దానిమ్మ గింజలు గుడ్డలో పిండి, రసంలో చక్కెర వేసి, గరిటె వెనక పట్టుకునేదాకా సన్నని సెగమీద కాచడం నా వంతు. రంపపు పొట్టులో చుట్టి తెచ్చిన ఐసుగడ్డ కడిగి పగలగొట్టడం కూడా నాదే. మిగతాదంతా నాయనది. జిన్ను మూడు కొలతలు, యాపిల్ బ్రాందీ ఒకటి, నిమ్మరసం ఒకటి, దానిమ్మ పాకం సగం, ఒక గుడ్డు తెల్లసొన. ముందు ఐసు లేకుండా మూతచెంబులో ఆడించాలి. మొదట నీళ్ళ చప్పుడు వస్తుంది. కొంతసేపటికి అది మెత్తబడుతుంది, పరుపును అరచేత్తో తట్టినట్టు. అప్పుడు ఐసు వేసి, చెంబు వేళ్ళకు అతుక్కునేంత చల్లబడేదాకా మళ్ళీ ఆడించాలి. యాపిల్ బ్రాందీ మన దిక్కున దొరకదు. సేటే ఏటా ఒక సీసా తువాలులో చుట్టి తెచ్చేవాడు. మూత తీస్తే మాగిన పండు వాసన. జ్వరమొస్తే తప్ప యాపిల్ పండు రాని ఇల్లు మాది. ఆ వాసనకు నాకు చిన్నప్పటి జ్వరమే గుర్తుకొచ్చేది.

నాయన దాన్ని ఒక్కసారి కూడా నాలుక మీద వేసుకోలేదు.

"రుచి సూడకుండా ఎట్ల తెలుస్తాది నాయనా?" అని అడిగాను ఒకసారి.

"రంజాన్లో రోజా పట్టిన నెలంతా మీయమ్మ ఉప్పు సూసి వండుతాదా? కూరేమన్నా చెడిందా?" అన్నాడు.

చప్పుడు విని, గ్లాసులో నురగ చూసి, తెల్లగుడ్డ ముందర పట్టుకుని రంగు చూసి చెప్పేవాడు, కుదిరిందో లేదో. అంటే సగం చెవి, సగం కన్ను.

జనవరి నెల మొదట్లో సేటు దిగిన రోజు ట్రే మీద అంచున పెట్టిన రెండు గ్లాసులు నాయన మోచెయ్యి తగిలి బండ మీద పడి పగిలాయి. ఎప్పుడూ జరగని పని. అమ్మ లోపలినుంచి "దిష్టి పోయిందిలే" అంది. నాయన మోచెయ్యి వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు.

ఆ రోజునుంచి నేను చూడటం మొదలుపెట్టాను.

నాయన సూదిలో దారం ఎక్కిస్తాడు. సీసా మీద సన్నని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. కాని పక్కనే వచ్చి నిలబడిన మనిషిని పలకరిస్తే తప్ప చూడడు. కాళ్ళ పక్కనున్న చాటను తొక్కుతాడు. తలుపు రెక్కకు భుజం కొట్టుకుని, తలుపునే తిడతాడు. సాయంకాలం మిల్లు గేటు దగ్గర లైట్లు వెలిగితే ఆగి చూసేవాడు.

"సూడు మే గుల్జారూ, దీపం సుట్టూ ఎన్ని రంగులో. వానబిల్లు మాదిరి."

నేను చూశాను. పసుపుపచ్చ బల్బు, దాని చుట్టూ పత్తి దుమ్ము. రంగులేమీ లేవు.

"అవును నాయనా" అన్నాను.

అది మొదటి అబద్ధం. అబద్ధమని కూడా అనిపించలేదు. ముసలితనం వస్తున్న మనిషిని సంతోషపెట్టాను, అంతే అనుకున్నాను.

తర్వాత చేసిన పని మాత్రం ఆలోచించి చేసిందే. బేళ్ళు కట్టే చోట పారేసిన చెక్కల్లోంచి జానెడు వెడల్పున్న పలక ఒకటి తెచ్చాను. కడిగి, ఎండబెట్టి, పంచలో బండ మీద నాయన నిలబడే చోట పెట్టాను. కొలతగ్లాసు, జిన్ను సీసా, బ్రాందీ సీసా, నిమ్మరసం, పాకం, గుడ్డు, చెంబు, వేసే వరుసలో ఒకదాని వెనక ఒకటి పేర్చాను. ఒక్కటి కూడా పక్కకు పోవడానికి చోటు లేదు. ఏది కావాలన్నా నాయన ముక్కుకు సూటిగానే ఉంటుంది.

"ఇదేంది?" అన్నాడు నాయన.

"బండ అంతా చీమలు నాయనా. పలక మీదయితే ఎక్కవు."

పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో నిమిరాడు. "మంచిదే" అన్నాడు. ఆ వేలు ఎక్కడా ఆగలేదు.

ఆ రోజు కలిపినప్పుడు ఏదీ పడలేదు, ఏదీ ఒలకలేదు. గ్లాసును తెల్లగుడ్డ ముందర పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నాకు ఇచ్చాడు.

"రంగెట్లుంది?"

నాయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. "రవ్వంత ఎక్కువైంది. పాకం తగ్గిస్తే సరిపోతాది" అన్నాను. మళ్ళీ కలిపాడు. "ఇప్పుడు?" "గులాబి మొగ్గ విప్పితే లోపల రేకు ఉంటాది సూడు, అట్లుంది." నాయన నవ్వాడు. "నా కూతురు బట్లరైంది" అన్నాడు.

పంచ నుంచి శెట్టిగారి మేడ దాకా మిల్లు వాకిలంతా దాటాలి. సీజనులో అక్కడ పత్తి కుప్పలు, ఎద్దులబండ్లు, బస్తాలు మోసేవాళ్ళు. నేను ఐసు బకెట్టు పట్టుకుని నాయన కుడిపక్కన నడిచేదాన్ని. బండి వస్తే "కోసిగోళ్ళ బండి నాయనా, ఎద్దు కుంటుతాంది" అనేదాన్ని. "యా పక్క?" అని ఎప్పుడూ అడగలేదు. "కుంటుతుందిలే, ఆ రైతు దానా పెట్టడు" అంటూ నా వైపు తల తిప్పి చూసి, నేను చూసే దిక్కుకు కాక రెండో దిక్కుకు జరిగేవాడు. ఊసుపోక మాట్లాడుకుంటున్న తండ్రీ కూతుళ్ళలాగే కనపడి ఉంటాం చూసేవాళ్ళకు. మా మధ్య కూడా అంతకుమించి మాట లేదు. నేను చూశానని నాయనకు చెప్పలేదు. నాకు తెలుసని తనకు తెలుసని నాయన చెప్పలేదు.

ఇప్పుడు నిజం రాయాలంటే, ఆ పంచలో నాకు బాగుండింది. కోసిగిలో నేను అవ్వకు సాయం. ఆదోనిలో అమ్మకు సాయం. మిల్లులో నలభైమందిలో ఒకదాన్ని. ఆ పలక ముందర మాత్రం నేను లేకపోతే పని జరగదు.

ఫిబ్రవరిలో ఒకరోజు పత్తి ఏరుతుంటే నా పక్కన కూర్చునే భీమమ్మ చెప్పింది. ఆమెది యెమ్మిగనూరు. నాకన్నా పెద్దది, నోరు ఊరుకోదు.

"వచ్చే ఆదివారం మా ఊర్ల బడిలో కంటి డాక్టర్లు కూసుంటారంట మే. కర్నూలు నుంచి వస్తాండారు. పోయినేడు మా అత్తకు పొర తీసినారు. అంతకుముందు నన్ను సూసి పక్కింటామె అనుకుని బాగనే మాట్లాడుతుండె. సూపొచ్చినంక తిట్లు మళ్ళా మొదలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మీ నాయనకు పొర ఉందేమో సూపీకూడదా? మొన్న వాకిట్ల నేను ఎదురొస్తే నా మీదికే వస్తుండె."

"నాయనకు పొర లేదు. సూదిలో దారం ఎక్కిస్తాడు" అన్నాను.

"పొర ఒకటేనా? కంటి మీద ఏదో బరువు పెట్టి లోపల ఎంత బిగువుందో సూస్తారంట. నొప్పుండదంట."

ఆ మాట చెవిలో పడింది. అప్పటికే నాయనకు పొద్దు గూకే వేళకు కనుబొమల పైన నొప్పి వస్తోంది. తువాలు బిగించి కట్టుకునేవాడు. బిగువు అన్నమాట ఆ తువాలు ముడికి తగిలినట్టనిపించింది. కాని ఆ సీజనుకు సేటు చివరిసారి వచ్చేది కూడా ఆ ఆదివారమే. ఆ సాయంత్రమే ఏ మిల్లు పత్తి కొంటాడో తేలుతుంది. శెట్టిగారి మేడకు ఇంకొందరు వ్యాపారస్థులు కూడా వస్తారు. ఎనిమిది గ్లాసులు కావాలని శెట్టిగారు అప్పుడే కబురు చేశాడు.

భీమమ్మ ఊరుకోలేదు. మా అమ్మతోనూ అంది. మరుసటి ఉదయం నేను రొట్టెకు పిండి కలుపుతుంటే అమ్మ వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అమ్మ పని మానుకుని కూర్చోవడం అరుదు.

"మే, నిజం సెప్పు. ఆ మనిషిని అడిగితే సెప్పడు, నవ్వుతాడు. నువ్వు ఎప్పుడూ పక్కనే ఉంటావు. నీ మాట నేను నమ్ముతా. మీ నాయన కండ్లు బాగుండాయా లేదా? బాగలేకుంటే ఆదివారం పొద్దున బస్సుకు నేనే తీస్కపోతా. సేటు లేదు, గీటు లేదు."

నా చేతులు పిండిలో ఉన్నాయి. నాకు శెట్టిగారి ముఖం కనపడింది. కండ్లు చెడిన బట్లరును ఎవరు పెట్టుకుంటారు? బట్లరు పని పోతే ఈ రెండు గదులూ పోతాయి. ఇది ఎవరూ నాకు చెప్పిన మాట కాదు, నేనే అల్లుకున్నది. ఇంకొకటి కూడా కనపడింది. పంచ ఖాళీగా ఉండటం.

"బాగనే ఉండాయమ్మా" అన్నాను. "మనిషి పరాకు, అంతే."

అమ్మ నా ముఖంలోకి చూసింది. నమ్మింది. "అల్లా చల్లగా సూడనీ" అని లేచి, కట్టెలు తెచ్చుకోవడానికి పోయింది.

ఆదివారం సాయంత్రం అంత బాగా ఇంకెప్పుడూ కుదరలేదు. రెండు విడతలుగా ఎనిమిది గ్లాసులు. చెంబు చప్పుడు మెత్తబడగానే నాయన తల ఊపేవాడు, నేను ఐసు వేసేదాన్ని. గ్లాసుల్లో వంచేటప్పుడు ఒక్కొక్క గ్లాసూ నాయన ముందరికి జరిపి, నిండగానే తీసి ట్రేలో పెట్టాను. అన్ని గ్లాసుల్లోనూ ఒకే రంగు, ఒకే ఎత్తు నురగ. ట్రే అంచుల చుట్టూ తువాలు మడిచి దిండులాగా పెట్టాను. మేడమెట్లు నాయన ముందుగానే లెక్కపెట్టుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది. పెదాలు కదిలాయి. పద్నాలుగు.

నేను మెట్ల కిందే ఆగిపోయాను. పైన సేటు గొంతు వినపడింది. హిందీలో, పెద్దగా: "యాభై ఏండ్లు వెనక్కు పోయినా ఖాసిం! నీ చెయ్యి మాత్రం ముసలిది కాలేదు."

శెట్టిగారు దిగివచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. సేటు మాట ఇచ్చేశాడు. "ఏమమ్మయ్యా, మీ నాయన నిమ్మకాయ నురగ మన మిల్లును నిలబెట్టింది" అని నాతో అన్నాడు. ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

తిరిగి వస్తూ వాకిలి మధ్యలో నాయన ఆగాడు. బండ్లు లేవు. పడమర ఇంకా ఎర్రగా ఉంది. తువాలు విప్పి నుదురు ఒత్తుకున్నాడు.

"అలసట మే" అన్నాడు. తర్వాత, "నువ్వు లేకుంటే అయ్యేది కాదు" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళకు అంత గొప్ప మాట నాకెవరూ చెప్పలేదు. ఆ మాటకు నేను ఎంత సంతోషించానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు కుంచించుకుపోతుంది. అదే పొద్దున యెమ్మిగనూరు బడిలో జనం వరుసకట్టి కూర్చుని ఉంటారు. సాయంత్రానికి డాక్టర్లు పెట్టెలు సర్దుకుని పోయి ఉంటారు.

మార్చి చివర్లో, సీజను అయిపోయి వాకిలి ఖాళీ అయ్యాక, ఒక మధ్యాహ్నం నాయన తల పట్టుకుని కూలబడ్డాడు. వాంతులు. కుడి కన్ను నిప్పులా ఎర్రబడింది. ఎండదెబ్బ అనుకున్నాం, పైత్యం అనుకున్నాం. మాడుకు ఆముదం పెట్టి, మజ్జిగ తాగించాం. మూడో రోజుకు నొప్పి తగ్గింది. "తగ్గింది కదా" అని అమ్మ ఊపిరి పీల్చుకుంది. నాయన మెల్లగా ఎడమ కన్ను మూసుకుని, తెరుచుకుని, మళ్ళీ మూసుకున్నాడు.

"లాలా, కుడిదాంట్లో పొద్దు గూకింది" అన్నాడు.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడే. నాయనను పడుకోబెట్టి కంట్లో చుక్కలు వేసి, చిన్న ఇనుప కొలత ఒకటి కనుగుడ్డు మీద నిలబెట్టి చూశాడు. భీమమ్మ చెప్పినట్టే, నొప్పి లేదు. రెండు కండ్లూ చూసి, చాలాసేపు రాసుకున్నాడు.

"లోపల నీళ్ళ ఒత్తిడి ఎక్కువైంది. కుడి కన్ను రాయిలా ఉంది, నరం చచ్చిపోయింది. ఎడమదానికి ఆపరేషను చేస్తాం. మిగిలినంత మిగులుతుంది, పోయింది రాదు. రెండు నెలల ముందు వచ్చి ఉంటే ఇంతదాకా రానిచ్చేవాళ్ళం కాదు. దీపాల చుట్టూ రంగులు కనపడ్డాయా?"

"కనపడె సార్" అన్నాడు నాయన. "బాగుండె."

డాక్టరు కలం ఆపాడు. "ఈ జబ్బుకు ముందు పక్కచూపు పోతుంది. సూటి చూపు ఆఖరున. అందుకే మనిషికి తనకే తెలియదు. పక్కనున్నవాళ్ళకే ముందు తెలుస్తుంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

అమ్మ నా వైపు తిరిగింది. నేను డాక్టరు బల్ల మీద గాజుగుండును చూస్తూ నిలబడ్డాను. నాయన సూటిగా గోడను చూస్తూ, "ఎవురికీ తెల్వదు సార్" అన్నాడు.

ఆపరేషనయి, పదిరోజులకు బస్సులో తిరిగొస్తుంటే గూడూరు దాటాక అమ్మ అడిగింది. అంతదాకా దాచుకుంది. మేము ముగ్గురం ఒకే సీటు. కిటికీ దగ్గర అమ్మ, ఈ చివర నాయన, మధ్యలో నేను.

"నేను అడిగితి గదా మే నిన్ను. పీటేసుకుని కూసుని అడిగితి. బాగనే ఉండాయంటివి. నీకు తెల్వదా? తెలిసీ అంటివా?"

నేను నోరు తెరిచాను. చెప్పేదాన్నే. ఆ క్షణం చెప్పేదాన్నే అని ఇప్పటికీ అనుకుంటాను.

"దాన్నేమనద్దు" అన్నాడు నాయన. కట్టు కట్టిన ముఖం మా వైపు తిప్పలేదు. "నేనే సెప్పద్దంటి. నా మీద ఒట్టు పెట్టించుకుంటి. సీజను పోనీ అంటి. అదేం సేస్తాది పాపం, ఆడపిల్ల."

నాయన నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఏ ఒట్టూ పెట్టించుకోలేదు. బతుకులో నాయన అబద్ధం ఆడగా నేను విన్నది నిమ్మకాయ నురగ ఒకటి, డాక్టరుతో అన్న మాట ఒకటి, ఇది ఒకటి.

అమ్మ కిటికీ వైపు తిరిగింది. "ఛీ" అంది. అది నాయనను. "పిల్లదాని నోరు కట్టేసి, కండ్లు పోగొట్టుకుంటివి గదయ్యా. నీ గులాబినీళ్ళు మండిపోనూ." ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. కండక్టరు వచ్చి, చూసి, వెనక్కు పోయాడు. యెమ్మిగనూరులో బస్సు చాలాసేపు ఆగింది. అమ్మ నాయనతో మాట్లాడలేదు. నేను మధ్యలో కూర్చుని ఉన్నాను. మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు ఉండదు. మాట్లాడలేదు.

మరుసటి రోజు శెట్టిగారు మా ఇంటి ముందుకు తానే వచ్చాడు. గడప బయటే కుర్చీ వేయించుకున్నాడు. 

"ముందే సెప్పుంటే నేనే కారులో పంపిస్తుంటి గదప్పా యెమ్మిగనూరికి. సేటుకేమి, ఆ ఒక్క దినం విస్కీ తాగుతుండె. ఆయప్ప పత్తి సూసి కొంటాడా, నీ నురగ సూసి కొంటాడా? ఏదో సంతోషానికి అంటిమి గాని." లేస్తూ అన్నాడు, "ఇల్లు నీదే. నేనున్నంత కాలం యాడికీ పోబనిల్యా."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నేను అల్లుకున్న భయం ఆయన మనసులో ఎన్నడూ లేదు.

ఇదంతా జరిగి ఏడేళ్ళయింది. సొరాబ్ సేటు ఆ తర్వాత ఒక్క ఏడు వచ్చాడు, విస్కీయే తాగాడు. ఎడమ కంట్లో మిగిలింది కూడా మెల్లగా పోయి, ఇప్పుడు నాయనకు వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియదు. నేను ఇప్పటికీ మిల్లులో పత్తి ఏరుతున్నాను.

అమ్మ నాయనను వదిలేయలేదు. స్నానానికి నీళ్ళు తోడుతుంది, చెయ్యి పట్టుకుని దర్గాకు తీసుకుపోతుంది. కాని క్షమించలేదు. ఎవరు వచ్చి పలకరించినా ఆ కథ మళ్ళీ మొదటినుంచి చెబుతుంది. సీజను కోసం కూతురి చేత ఒట్టు పెట్టించుకున్న మనిషి కథ. రోజూ పళ్ళెం పెడుతూ అంటుంది:

"రొట్టె ముందర ఉంది. పుండికూర కుడిపక్క. కూతురి నోరు కట్టేసినోనికి ఇంతకన్నా సేవ సేసేదాన్ని కాదు."

"నీ నోరు కట్టేసే మంత్రమే దొరకలేదు లాలా నాకు" అంటాడు నాయన. వాకిట్లో కూర్చున్నవాళ్ళు నవ్వుతారు. అమ్మ నవ్వదు.

పొయ్యి దగ్గర నేను వింటుంటాను. ఈ పూట చెప్పేద్దామని లేస్తాను. పిండి చేతులతో గడప దాకా వస్తాను. నా అడుగులు నాయనకు తెలుసు. ముఖం నా వైపు తిప్పుతాడు.

"ఇంగొక రొట్టె తే మే" అంటాడు, పళ్ళెంలోది ఇంకా తుంచకుండానే.

నేను రొట్టె తేవడానికి వెనక్కు పోతాను.